ముందు సాన... తర్వాతే మిషను!

చపాతీల కర్ర, బొంగరం, కవ్వం కాడ, మంచం కోళ్లు, తొట్టెల గిలకలు, చదరంగంలో బంటు... వీటన్నిటికీ ఉన్న చుట్టరికం ఏమిటో చెప్పుకోండి చూద్దాం! ఒకటి వంటింట్లోది, ఒకటి వీధిలోది, ఒకటి పడగ్గదిలోది. అయినా అన్నీ ఒక్క తల్లి పిల్లలే. గిర్రున తిరిగే కొయ్యకి ఉలి ఆనిస్తే పుట్టినవే. కొండపల్లి బొమ్మని చేత్తో పట్టుకుని చెక్కుతారు. ఇక్కడ అలా కాదు. ఉలి పట్టిన చెయ్యి నిలకడగా ఉంటుంది, కొయ్య తిరుగుతుంది. పాత తెలుగులో దీన్ని 'తరిమెన పట్టడం' అన్నారు. ఇప్పుడు అందరి నోటా లేత్ పనే.

కూటి కోసం ఈ పని చేసేవాళ్ల సంగతి వేరు. సరదా కోసం చేద్దామనుకునేవాళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు. రిటైరైన మాస్టారు కావచ్చు, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం చేతికి పని వెతుక్కునే కుర్రాడు కావచ్చు. యూట్యూబ్‌లో ఒక వీడియో చూస్తారు. పది నిమిషాల్లో ఎండు మొద్దు కాస్తా నున్నటి గిన్నె అయిపోతుంది. చిత్రిక పొట్టు రిబ్బన్లలా ఎగురుతూ ఉంటుంది. ఇంకేం... ఆ రాత్రే ఆన్‌లైన్‌లో మిషను ఆర్డరు! దాంతోపాటు రంగుల పిడులున్న ఎనిమిది ఉలుల పెట్టె.

వారం తిరక్కుండానే తెలిసొస్తుంది. వీడియోలో రిబ్బన్లు వచ్చాయి, ఇక్కడ దుమ్ము వస్తోంది. ఉలి ఆనించగానే ఠప్పుమని కొయ్య పట్టేసి చేతిని విదిలిస్తోంది. మిషను మంచిది కాదేమో అనిపిస్తుంది. ఇంకాస్త పెద్దది కొనాలేమో అనిపిస్తుంది. చాలాసార్లు తప్పు మిషనుది కాదు. ఉలికి పదును లేదు, అంతే. కొత్త ఉలి పెట్టెలోంచి తీసింది తీసినట్టే కోస్తుందని నమ్మడం దగ్గరే వస్తుంది చిక్కంతా. ఈ సరదాలో డబ్బు ఖర్చు పెట్టే వరస మనం అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. ముందు సాన పట్టే ఏర్పాటు. ఆ తర్వాత నాలుగు ఉలులు. ఆ తర్వాతే మిషను.

ఏటికొప్పాకలో చూడాల్సింది

ఈ మాటకి సాక్ష్యం మనవాళ్ల దగ్గరే ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక వెళ్లినవాళ్లు లక్క బొమ్మలు చూసి వస్తారు. బొమ్మల కన్నా పనిముట్లు చూడాలి. చిన్న లేత్, కొద్దిపాటి ఉలులు, పక్కన లక్క కడ్డీలు. ఒకప్పుడు తాడు లాగుతూ చేత్తో తిప్పేవారు, తర్వాత కరెంటు మోటారు వచ్చింది. మిగతా పని తీరు అదే. అంకుడు కర్రని ఎండబెట్టి, తిప్పి, ఆకారం తెస్తారు. తిరుగుతున్న బొమ్మకే లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కొయ్యకి పట్టేస్తుంది. మీద మొగలి ఆకు ఆనిస్తే నిగనిగలాడే మెరుపు. విడిగా పొయ్యి లేదు, బ్రష్ లేదు, వార్నిష్ డబ్బా లేదు.

ఆ రంగుల్లో పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటివి వాడే పద్ధతిని మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. ఇంత పేరు తెచ్చిన పనికి వాడిన సామాను ఒక సంచిలో పడుతుంది! అంకుడు తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే కర్ర. ఆ కర్రకి తగ్గ ఉలి, ఆ ఉలికి తగ్గ పదును. మూడూ కుదిరాయి కాబట్టే ఎక్కువ సామాను అక్కర్లేకపోయింది.

ఇంతకీ ఏం చేద్దామని?

గద్వాలలో ఉన్నా, వనపర్తిలో ఉన్నా, నాగర్‌కర్నూల్‌లో ఉన్నా సామాను కొనేముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. లేత్ పనిలో రెండు దారులున్నాయి.

మొదటిది పొడుగు పని. కర్ర పోగు మిషను పొడవునా ఉంటుంది. రెండు చివర్లూ రెండు మొనల మధ్య బిగించి తిప్పుతారు. చపాతీల కర్ర, బొంగరం, చదరంగం పావులు, కుర్చీ కాళ్లు, ఉలి పిడులు అన్నీ ఇందులోకే వస్తాయి. రెండోది గిన్నె పని. ఇందులో పోగు అడ్డంగా తిరుగుతుంది. ఒక్క చుట్టులో ఉలికి రెండుసార్లు పోగు ఎదురొస్తుంది. మొద్దు బరువు, ఊపు ఎక్కువ. దీనికి పెద్ద మిషను, వేరే ఉలి, కొయ్యని ఒక పక్క నుంచే గట్టిగా పట్టుకునే చక్ కావాలి.

వీడియోలు మనల్ని గిన్నె వైపు లాగుతాయి. మీరు మాత్రం పొడుగు పనితో మొదలెట్టండి. చక్ ఖర్చు తప్పుతుంది, చిన్న మిషను సరిపోతుంది, చెయ్యి కుదురుతుంది. అప్పడాల కర్ర చేయడం తేలిగ్గా కనిపిస్తుంది కానీ, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే మందం తేవడం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

నాలుగు ఉలులు చాలు

కొత్తవాళ్ల పొడుగు పనికి కావాల్సినవి ఇవి. నలుచదరం కర్రని గుండ్రంగా మార్చడానికి వెడల్పాటి దోనె ఉలి... దుకాణాల్లో రఫింగ్ గౌజ్ అంటారు. ఒంపులు తీయడానికి సన్న దోనె ఉలి, దాని పేరు స్పిండిల్ గౌజ్. గాడి కొట్టి ముక్క విడదీయడానికి పార్టింగ్ టూల్. నున్నటి గీతకి, పదునైన మూలలకి అంచు ఏటవాలుగా ఉండే స్క్యూ. ఈ స్క్యూ అందరినీ భయపెడుతుంది. ఏమరుపాటున పై మొన తగిలిందా, సర్రున జారి కర్ర పొడవునా మరలా గాడి కొట్టేస్తుంది. అలవాటైతే మాత్రం గరుకు కాగితంతో పని లేకుండా అద్దంలా తీస్తుంది. నెల రోజులు పనికిరాని కర్ర మీద సాధన చేశాక నిర్ణయించుకోండి.

ఎనిమిది ఉలుల పెట్టె ఎందుకు వద్దంటున్నామంటే, అందులో సగం తీయనే తీయరు. రెండో కారణం ఉక్కు. చవక సెట్లలో మామూలు కార్బన్ ఉక్కు ఉంటుంది. సాన మీద అంచు వేడెక్కి నీలం రంగుకి తిరిగిందంటే ఆ మేరకు గట్టిదనం పోయినట్టే. హైస్పీడ్ స్టీల్ ఆ వేడికి చెక్కుచెదరదు. ఉలి మీద హెచ్.ఎస్.ఎస్. అని ఉందో లేదో చూసుకోండి. అవి రెండు కొన్నా, ఇవి ఎనిమిది కొన్నదానికంటే మేలు.

మన దగ్గర ఇంకో పద్ధతి ఉంది. పాత ఆకురాయిని అరగదీసి ఉలి చేసుకోవడం. ఆకురాయి ఉక్కు గాజులా పెళుసు. తిరిగే కొయ్య పట్టేసిందంటే పుటుక్కున విరిగి ముక్క ముఖం మీదికి వస్తుంది. అంతగా ఊళ్లో చేయించుకోవాలంటే తెలిసిన కమ్మరితో లారీ కమాన్ పట్టీ నుంచి స్క్రేపర్ చేయించుకోండి. కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచాక, మళ్లీ కాస్త వేడి చేసి పెళుసుదనం తీసే పని మాత్రం ఎగ్గొట్టనీయొద్దు.

ఈమధ్య కార్బైడ్ బిళ్లల ఉలులు బాగా అమ్ముడవుతున్నాయి. చిన్న గుండ్రటి బిళ్లని మరతో బిగిస్తారు. ఒక పక్క మొద్దుబారితే కాస్త తిప్పి మళ్లీ బిగించడమే. సాన గొడవ లేదు. వారానికి గంట మాత్రమే తీరిక దొరికేవాళ్లకి ఇవి నయమే. కానీ ఇవి చాలావరకు గీకుతాయి, కోయవు. మెత్త కర్ర మీద పోగు చింపినట్టు వస్తుంది. గరుకు కాగితం పని రెట్టింపు. బిళ్ల అరిగిన ప్రతిసారీ కొరియర్ కోసం ఎదురుచూపులు తప్పవు.

ఇక్కడొక్క మాట గట్టిగా చెప్పాలి. రఫింగ్ గౌజ్‌ని గిన్నె పనికి ఎప్పుడూ వాడకండి. చూడ్డానికి అన్నిటికన్నా బలంగా ఉంటుంది. కానీ చాలావాటిలో పిడిలోకి దిగే తోక భాగం సన్నని పట్టీ మాత్రమే. అడ్డపోగు మొద్దు ఒక్కసారి పట్టేస్తే ఆ తోక దగ్గరే విరుగుతుంది. గిన్నెకి వాడే బౌల్ గౌజ్‌ని నిండు కడ్డీలోంచి గాడి తీసి చేస్తారు. అందుకే దాని ధర ఎక్కువ.

సాన... అసలు ఖర్చు ఇక్కడ

బెంచ్ గ్రైండర్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది వేగం. మన యాభై హెర్ట్జ్ కరెంటు మీద రెండు రకాలు వస్తాయి. నిమిషానికి 2,880 చుట్ల దాకా తిరిగేవి ఒకటి, 1,440 చుట్ల దాకా తిరిగేవి ఇంకొకటి. ఇనుప పనివాళ్లు మొదటిది వాడతారు. ఉలికి రెండోదే మంచిది. వేడి తక్కువ, తప్పు దిద్దుకునే వ్యవధి ఎక్కువ. గ్రైండర్‌తో వచ్చే బూడిద రంగు రాయిని తీసేసి, తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి 60 లేదా 80 నంబరుది వేయించండి. ఆరంగుళాలది సరిపోతుంది. ఎనిమిదంగుళాలదైతే ఇంకా హాయి.

రాయి ముందు ఉలి ఆనించే పలక కదలకుండా ఉండాలి. గ్రైండర్‌తో ఇచ్చే రేకు ముక్క ఉపయోగపడదు. వెల్డింగ్ షాపులో మందపాటి పట్టీతో, కోణం మార్చుకునేలా పలక చేయించుకోవచ్చు. స్క్రేపర్‌కి 70 నుంచి 80 డిగ్రీలు, స్పిండిల్ గౌజ్‌కి 40 నుంచి 45 డిగ్రీలు మొదట సరిపోతాయి. ఈ అంకెల కన్నా ముఖ్యం, ప్రతిసారీ అదే కోణం రావడం. దానికో చిట్కా ఉంది. ఉలి వాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. గ్రైండర్ ఆపి ఉన్నప్పుడే రాయిని చేత్తో తిప్పుతూ ఉలిని ఆనించండి. నలుపు వాలు మొత్తం మీద సమానంగా చెరిగితే కోణం కుదిరినట్టు. పైనే చెరిగిందా, కిందే చెరిగిందా అన్నదాన్ని బట్టి పలక సర్దుకోవాలి. మార్కర్ ఖర్చెంత? కానీ ఇది ఎంతో ఉక్కుని ఆదా చేస్తుంది.

కార్బన్ ఉక్కు ఉలిని మాటిమాటికీ నీళ్లలో ముంచి చల్లార్చాలి. హైస్పీడ్ స్టీల్‌కి ఆ పని చేయకండి, వేడి మీద ముంచితే అంచులో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. గ్రైండర్‌ని పొట్టు కుప్ప పక్కన పెట్టకండి. నిప్పురవ్వ పడి గంట తర్వాత పొగ రావచ్చు.

ఎంతసేపటికి సాన పట్టాలి? చింత, తుమ్మ లాంటి గట్టి కర్ర మీదైతే పది నిమిషాలకే అడుగుతుంది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి మెత్తగా కనిపించినా అంచుని తినేస్తుంది. పొట్టు బదులు పొడి రాలడం మొదలైతే లేచి గ్రైండర్ దగ్గరికి వెళ్లాల్సిందే. బద్ధకించి నొక్కి పట్టినవాళ్లకే ఉలి ఎదురుతిరుగుతుంది.

మిషను దగ్గరికొద్దాం

1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ మొదలైంది. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల లేత్ అంటే తెలియని ఇల్లు తక్కువ. డిప్లొమా చేసినవాళ్లు, ఐటీఐ చదివినవాళ్లు ఎవరో ఒకరు చుట్టాల్లో ఉంటారు. అయితే వాళ్లకి తెలిసింది ఇనుప లేత్. అక్కడ పనిముట్టు టూల్ పోస్టులో బిగుసుకుని ఉంటుంది. చక్రం తిప్పితే మర వెంబడి నడుస్తుంది. కొయ్య లేత్‌లో ఉలిని నడిపించేది మనిషి ఒళ్లే. మోచెయ్యి నడుముకి ఆనించి, కాళ్లు ఊతంగా పెట్టి, ఒళ్లంతా ఊగాలి. కాబట్టి ఎవరో పాత ఇనుప లేత్ చవగ్గా ఇస్తామన్నారని కొనేయకండి. చిన్న కర్రకి చాలినంత వేగం అందులో ఉండకపోవచ్చు. నూనెలో పొట్టు కలిసి దాని బెడ్ మీద ముద్దలా పేరుకుంటుంది. అటు ఇనుము పనికీ, ఇటు కర్ర పనికీ చెడుతుంది.

కొయ్య లేత్‌కి రెండు కొలతలు. బెడ్ మీద ఎంత వెడల్పు కొయ్య తిరగగలదు, రెండు మొనల మధ్య ఎంత పొడవు పడుతుంది. బొంగరాలు, పెన్నులకే అయితే ఎనిమిదంగుళాల వెడల్పు చాలు. ఎప్పటికైనా గిన్నెలు చేయాలనుకుంటే పన్నెండంగుళాలది చూడండి. ఆ తర్వాత బరువు. బరువున్న మిషనే మంచి మిషను, ఇందులో రెండో మాట లేదు. పోత ఇనుము బెడ్ కదలదు, రేకు బెడ్ వణుకుతుంది. ఆ వణుకు కొయ్య మీద అలలు అలలుగా కనిపిస్తుంది. స్టాండు కింద ఇసుక బస్తాలు వేసినా చాలా తేడా వస్తుంది.

మోటారు ఎంతుండాలి? పొడుగు పనికి అర హార్స్‌పవర్ సరిపోతుంది. పెద్ద గిన్నెలకి ఒకటి కావాలి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఇంటి సింగిల్ ఫేజ్ మీదే నడుస్తుంది. ఎర్తింగ్ మాత్రం సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. అమ్మేవాళ్లు పైవేగం గురించి గొప్పగా చెబుతారు. మీరు అడగాల్సింది కింది వేగం. ఎంత తక్కువకి తిరగగలదు? 500 దాటాకే మొదలయ్యే మిషను మీద వంకర మొద్దు ఎక్కించడం ప్రమాదం.

వేగానికి వాడుకలో ఒక లెక్కుంది. కొయ్య వెడల్పు అంగుళాల్లో, వేగం నిమిషానికి చుట్లలో తీసుకుని గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. పదంగుళాల పళ్లెం అయితే 600 నుంచి 900. అదీ గుండ్రంగా, తూకంగా వచ్చిన తర్వాతే. మొదట్లో ఉన్నంతలో కింది వేగమే. రెండంగుళాల కర్రకి లెక్క ప్రకారం 3,000 పైన రావాలి గానీ, కొత్తవాళ్లు 1,500 దగ్గర ఆగితే పోయేదేమీ లేదు.

కొనడం ఇష్టంలేకపోతే చేయించుకోవచ్చు కూడా. రెండు పిల్లో బ్లాక్ బేరింగులు, ఒక షాఫ్టు, మెట్ల పుల్లీ, వీ బెల్టు, సి-చానల్ బెడ్... మంచం కోళ్లు తిప్పే షాపుల్లో కనిపించే బండి ఇలాంటిదే. చేయించేటప్పుడు ఒక్క జాగ్రత్త. షాఫ్టు చివర మర ఏదో ఒకటి కోయనివ్వకుండా అంగుళం వెడల్పు, అంగుళానికి 8 చుట్ల మర కోయించండి. రేపు బజార్లో కొన్న చక్ సరిపోతుంది. లేదంటే దానికి జీవితాంతం ఏ చక్కూ పట్టదు.

పెట్టెలో ఉండేవి, విడిగా కొనేవి

మిషనుతో మామూలుగా మూడొస్తాయి. కర్రని తిప్పే పళ్ల మొన, అవతలి వైపు ఆనించే మొన, ఫేస్‌ప్లేట్. ఆనించే మొనలో బేరింగు ఉందో లేదో చూడండి. లేకపోతే కర్ర చివర రాపిడికి మాడి వాసనొస్తుంది. అలాంటప్పుడు మొదట మార్చాల్సింది అదే. మొనలు దిగే రంధ్రం వాలుకి మోర్స్ టేపర్ అని పేరు. చిన్న మిషన్లలో ఒకటో నంబరు, పెద్దవాటిలో రెండో నంబరు. ఇది తెలియకుండా విడి మొనలు ఆర్డరు చేస్తే తిప్పి పంపడమే మిగులుతుంది.

ఫేస్‌ప్లేట్‌కి కొయ్యని బిగించేందుకు జిప్సం బోర్డుకి వాడే నల్ల మరమేకులు వాడకండి. అవి పెళుసు, తల ఊడిపోతుంది. గట్టి ఉక్కు చెక్క మరలే వేయాలి.

గిన్నెల దాకా వచ్చినవాళ్లకి పెద్ద ఖర్చు నాలుగు దవడల చక్. తాళంచెవితో తిప్పితే నాలుగు దవడలూ ఒకేసారి కదిలి కొయ్యని నడిమికి తెచ్చి పట్టుకుంటాయి. దాని మర మిషను షాఫ్టు మరకి అచ్చంగా సరిపోవాలి. అంగుళం-8, ముప్పావు-16, ముప్ఫైమూడు మిల్లీమీటర్లు... ఇలా రకాలున్నాయి. కొయ్య అడుగున చిన్న కాడ మిగిల్చి దాన్ని పట్టించడం మంచి పద్ధతి. దవడలు దాదాపు మూసుకున్నప్పుడు ఏర్పడే గుండ్రానికి కాడ సరిపోవాలి. అప్పుడే చుట్టూ పట్టు దొరుకుతుంది. కాడ చివర చక్ అడుగుకి తగలకూడదు. కొయ్య భుజం దవడల మీద కూర్చోవాలి.

మిగతావి? మందం చూసే కాలిపర్ ఒకటి. రంధ్రాలు వేయాల్సి వస్తే డ్రిల్ చక్. పెన్నులు చేసేవాళ్లకి తప్ప మాండ్రెల్ వద్దు. సన్నటి పొడుగు కర్ర వణకకుండా పట్టే స్టెడీ రెస్ట్ మొదటి ఏడాది వద్దు.

వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది ముఖమంతా కప్పే షీల్డు. కళ్లజోడు చాలదు. రెండు కిలోల మొద్దు ఊడితే దవడకి తగులుతుంది. చేతికి గ్లోవ్స్ వేసుకోకండి, అవి కాపాడవు, లాగేస్తాయి. మెడలో తువ్వాలు, చున్నీ, చీర కొంగు, గొలుసు, పుస్తెల తాడు, జారిన చేతులు, విడిచిన జుట్టు... ఏదీ మిషను దరిదాపుల్లో ఉండొద్దు. మెరుగు పెట్టేటప్పుడు గుడ్డ కూడా వద్దు, చుట్టుకుంటే వేలు పోతుంది. చింపితే చిరిగే కాగితం తువ్వాలు వాడాలి. స్విచ్ వేసే ముందు కొయ్యని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి, ఎక్కడైనా తగులుతుందేమో తెలుస్తుంది. స్విచ్ వేసేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. దుమ్ము సంగతీ తేలిగ్గా తీసుకునేది కాదు. కర్ర పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చి చాలా ఏళ్లయింది. మూతికి కట్టిన రుమాలు చాలదు, మంచి మాస్కు కావాలి.

కర్ర కోసం ఊళ్లు తిరగక్కర్లేదు

పాలమూరు వైపు వాళ్లు అదృష్టవంతులు అనిపించేది ఇక్కడే. చెరువు కట్టల వెంట, బీడు భూముల్లో, రోడ్డు పక్కన పాతుకుపోయిన సర్కారు తుమ్మని అందరూ తిట్టుకునేవాళ్లే. బొగ్గుకీ, పొయ్యికీ తప్ప ఎందుకూ పనికిరాదని పేరు. లేత్ మీద ఎక్కిస్తే తెలుస్తుంది దాని విలువ! ఎర్రటి గోధుమ రంగు, బరువు, సన్నని పోగు. అన్నిటికన్నా గొప్ప గుణం, ఎండినా పెద్దగా కుంచించుకుపోదు. అమెరికాలో దీని అన్నదమ్ముల్లాంటి చెట్టుని మెస్కీట్ అంటారు. గిన్నెలు చేసేవాళ్లు అక్కడ దాన్ని డబ్బు పెట్టి కొంటారు. ముళ్లు మాత్రం జాగ్రత్త. పొలం యజమానిని అడిగి తెచ్చుకుంటే ఆయనే సంతోషిస్తాడు.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ అంటే మామిడి. పాత తోటల్లో ముదిరిన చెట్లు తీసేసినప్పుడు దొరికే మొద్దులు గిన్నెలకి బాగుంటాయి. మెత్తగా తెగుతుంది. కొన్నాళ్లు తేమలో పడి ఉన్న మొద్దులో బూజు గీసిన నల్ల గీతలు బొమ్మ వేసినట్టుంటాయి. మామిడి సొన పడనివాళ్లకి దాని పొడి కూడా దురద తెప్పిస్తుంది. చింత చేవ గట్టిది, రోకళ్లకి వాడేది. అందం ఉంది గానీ ఉలిని ఏడిపిస్తుంది. వేప తిప్పడానికి ఫరవాలేదు, పోగు మెలిక తిరిగి ఉంటుంది, పొడికి గొంతు మండుతుంది. గన్నేరు కొమ్మ ఎంత నున్నగా ఉన్నా ముట్టుకోకండి. దాని కర్ర కూడా విషమే.

ఏటికొప్పాకవాళ్లు వాడే అంకుడుని కొన్ని చోట్ల తెడ్లపాల అంటారు. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకి వాడేది కూడా ఇదే చెట్టు. నల్లమలలో ఉండేదే కదా అని అమ్రాబాద్ వైపు గొడ్డలి పట్టుకుని వెళ్లకండి, అది పులుల అభయారణ్యం. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కొట్టే ముందు అనుమతి సంగతి అటవీశాఖ వాళ్లని అడగడం మంచిది. తుఫానుకి పడిన కొమ్మలు, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాల ముక్కలు, వడ్రంగి అడ్డాల్లో మిగిలిన తుండ్లు... సరదాకి ఇవి ఏళ్ల తరబడి సరిపోతాయి. దూలం ముక్కలో మేకు దాగి ఉందేమో అయస్కాంతంతో చూసుకోండి.

పచ్చి మొద్దుని మన ఎండకి వదిలేస్తే సాయంత్రానికే చివర్లు పగులుతాయి. కొట్టిన రోజే రెండు చివర్లకీ మైనమో, పాత పెయింటో దట్టంగా పూయాలి. మొద్దుని నడిమి మజ్జ వెంబడి రెండుగా చీల్చి, నీడలో, గాలి తగిలేలా ఇటుకల మీద పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. అంత ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెని మందంగా తిప్పేయాలి. పదంగుళాల గిన్నెకి గోడ అంగుళం ఉంచాలి. దాన్ని దాని పొట్టులోనే కప్పి గోనెసంచిలో పెట్టాలి. కొన్ని నెలలకి కోలగా వంకర తిరిగి ఎండుతుంది. అప్పుడు మళ్లీ ఎక్కించి గుండ్రంగా తీయాలి.

మెరుగుకి డబ్బాలు కొనేముందు లక్క ప్రయత్నించండి. ఫర్నిచర్ పనివాళ్లు స్పిరిట్‌లో కలిపి పూసే లక్క పొలుసులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. బొంగరాలకి, పిడులకి అదే చాలు. తినే గిన్నెలకి అవిసె నూనె మంచిది, ఎండి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె ఎప్పటికీ ఎండదు. అవిసె నూనె తుడిచిన గుడ్డని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ల బకెట్లో వేయండి, లేదా విప్పి తీగ మీద ఆరేయండి.

నేర్చుకోవడానికి మనిషి కావాలంటే దగ్గర్లో మంచం కోళ్లు తిప్పే షాపుని వెతకండి. రెండు పూటలు పక్కన నిలబడి ఆ మేస్త్రీ ఉలి వాలుని కొయ్యకి ఎలా ఆనిస్తున్నాడో చూడండి. ముందు వాలు తగులుతుంది, ఆ తర్వాతే పిడి నెమ్మదిగా పైకి లేచి అంచు తెగుతుంది. వీడియోలో ఈ చిన్న కదలిక కనపడదు. ఇంకా చూడాలనుకుంటే గద్వాల నుంచి బెంగళూరు రైలెక్కి, అక్కడి నుంచి మైసూరు దారిలో చన్నపట్న దాకా వెళ్లి రావచ్చు.

మొదటి వస్తువుగా బొంగరం చేయండి. రెండున్నర అంగుళాల సర్కారు తుమ్మ ముక్క చాలు. తాడు చుట్టే గాడులు పార్టింగ్ టూల్‌తో తీయాలి. అడుగున మొల కొట్టే చోటు నడిమధ్య గుర్తు మిషను మీద ఉండగానే పెట్టుకోవాలి, తీసేశాక దొరకదు. మొల కన్నా కాస్త సన్నటి బెజ్జం వేశాకే మొల దించండి. తిన్నగా సుత్తితో కొడితే అంతసేపు తిప్పిన కొయ్య రెండుగా చీలుతుంది.